గింజలు ఇరవై, డెలివరీ డెబ్బై

"ఇది పదహారోది. ఇంకా ఉన్నాయా, ఇంతేనా?"

"ఏవి?"

"ఏవేమిటి, నీ కళ్లముందే కదా పేరుస్తున్నాను. పిండి డబ్బా వెనకాల దాచినవి."

"దాచలేదు. పెట్టాను."

సెలవురోజు, పొద్దెక్కింది. మూడో అంతస్తులో ఇరుకు వంటిల్లు. కాటాలు బాగుచేసే ఆ పెద్దమనిషి, కొట్లో ఉండాల్సిన చిన్న కాటాను ఇంటికి మోసుకొచ్చి భోజనాల బల్లమీద పెట్టుకుని, పెళ్లాం తెప్పించిన విత్తనాల పొట్లాలు ఒక్కొక్కటే తూచుతున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని బీన్స్ కాయలకి ఈనెలు తీస్తోంది. ముప్పై మూడేళ్ల కాపురంలో ఆయన కాటా ఇంటికి తెచ్చాడంటే ఎవరికో మూడిందన్నమాటే. ఇవాళ మూడింది తనకేనని ఆవిడకి కాటా చూడగానే అర్థమైంది.

"దాచడానికీ పెట్టడానికీ తేడా ఏంటో చెప్పు."

"దాస్తే మీకు దొరికేవా?"

"సరే. ఇదిగో చూడు. గింజలు నాలుగు గ్రాములు. కవరుతో కలిపి పదకొండు. దానికిచ్చిన రసీదులో ఏముందో చదువు."

"కళ్లజోడు లేదు."

"నెత్తిమీద ఉంది."

"వంగ విత్తనాలు. ఇరవై."

"దాని కింద."

"ప్యాకింగు, డెలివరీ... డెబ్బై."

"ఇరవై రూపాయల గింజలకి డెబ్బై కూలి. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. ఒక్కసారైతే పోనీలే అనుకుంటాం. పదహారు సార్లా?"

"పదహారు రకాలండీ."

"పదహారు రకాలూ ఒకే డబ్బాలో పెట్టి పంపరా వాళ్లు?"

"పంపరేమో."

"పంపుతారు. ఫోన్ చేసి కనుక్కున్నా. అరకిలో దాకా ఎన్ని పొట్లాలైనా అదే డెబ్బై. అరకిలోకి ఇలాంటివి నలభై ఐదు పడతాయి."

"ఫోన్ కూడా చేశారా?"

"చేస్తా. లెక్క తేలకపోతే నాకు నిద్రపట్టదు, నీకు తెలుసు. ఆ ఫోనెత్తిన అమ్మాయి కూడా అంది, మేమూ మేడమ్‌కి చెప్పాం సార్, అన్నీ కలిపి తెప్పించుకోండని, వద్దన్నారు అని. ఎందుకు వద్దన్నావు?"

"అన్నీ ఒకేసారి తెప్పిస్తే పాతబడిపోవూ? విత్తనం తాజాగా ఉండాలి."

"తాజాగా తెప్పించి డబ్బా వెనక పెట్టావు. ఒక్క పొట్లమైనా చింపావా? అన్నిటికీ సీలు వేసింది వేసినట్టే ఉంది."

"కాలం చూసుకుని వేద్దామని."

"ఎక్కడ వేస్తావు? బాల్కనీలో ఉన్నవి నాలుగు కుండీలు. అందులో ఒకదాంట్లో బట్టల క్లిప్పులు వేసుకున్నావు. ఇదేంటి, గుమ్మడి. గుమ్మడి తీగ ఈ బాల్కనీలో వేస్తే కాయ కింది వాళ్లింట్లో కాస్తుంది."

"కాయనివ్వండి. వాళ్లూ తినేవాళ్లే."

"మాట దాటెయ్యకు."

"దాటెయ్యడం లేదు. కొన్ని పక్కింటావిడ కోసం తెప్పించాను. ఆవిడకి ఫోన్లో తెప్పించుకోవడం రాదు."

"పక్కింటావిణ్ణి అడిగా."

"ఆవిణ్ణి కూడానా?"

"మెట్లమీద ఎదురైంది, అడిగా. మొక్కలు పెడితే దోమలొస్తాయని ఆవిడకి భయమట. తులసైనా, తోటకూరైనా, మా గడపలోకి ఆకన్నదే రానివ్వనండీ అంది."

"ఊరంతా దండోరా వేసి వచ్చారన్నమాట. ఇంక నన్నడగడం దేనికి?"

"నువ్వు చెప్పేదాకా అడుగుతా. నాకొక అనుమానం."

"మీకు ఒకటేనా?"

"కింద ఇస్త్రీ అతను చెప్పాడు. ఆ డెలివరీ మనిషి బండి మన గేటు దగ్గర అరగంట ఆగుతోందట. పొట్లం చేతికిచ్చి సంతకం పెట్టించుకోవడానికి అరగంటా?"

"మూడంతస్తులు ఎక్కాలి కదండీ."

"మూడంతస్తులు ఎక్కడానికి అరగంట పట్టేవాడు డెలివరీ చెయ్యకూడదు, ఆస్పత్రిలో చేరాలి."

"అంటే ఏమిటి మీ ఉద్దేశం? నన్ను అనుమానిస్తున్నారా? యాభై ఆరేళ్లొచ్చాయి నాకు."

"నిన్ను అనుమానించే ఓపిక నాకు లేదు. నేననేది వాణ్ణి. నువ్వేమో నోట్లో వేలు పెడితే కొరకలేవు. వాడు మాయమాటలు చెప్పి ఒక్కో పొట్లం నీకు అంటగట్టి, ఆ డెబ్బైలో వాటా నొక్కేస్తున్నాడు."

"అయ్యో, అలాంటివాడు కాదండీ."

"చూశావా. ఎలాంటివాడో నీకెలా తెలుసు?"

"మొహం చూస్తే తెలీదూ?"

"మొహం ఎలా చూశావు? వాళ్లు హెల్మెట్ కూడా తియ్యకుండా ఇచ్చి పరిగెడతారు."

"తీస్తాడు. చెమటలు కారుతుంటాయి. మంచినీళ్లు తాగడానికి తీస్తాడు."

"ఓహో, మంచినీళ్లు కూడా ఇస్తున్నావు."

"దాహం వేసినవాడికి నీళ్లివ్వడం కూడా తప్పేనా?"

"నీళ్లతో పాటు?"

"నీళ్లతో పాటు ఏమిటి?"

"పదిహేను రోజులకోసారి, మంగళవారం నా క్యారియర్‌లో కూర తగ్గుతోంది. తూచే మనిషిని నేను. గిన్నె ఎత్తితే తెలీదనుకున్నావా?"

"ఆ రోజు కూరలు సరిగ్గా దొరకవు."

"మంగళవారం మాత్రమే దొరకవు. అదీ వారం విడిచి వారం."

"మీరు లాయరు కావలసింది. కాటాలు బాగుచెయ్యడమేం ఖర్మ."

"సరే, నువ్వు చెప్పవు. ఇదిగో, ఆ డెలివరీ కంపెనీ వాళ్ల నంబరు నా దగ్గరుంది. ఫిర్యాదు చేస్తాను. మీ మనిషి ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లు చూసుకుని అక్కర్లేనివి అమ్ముతున్నాడు, అరగంటలు తిష్ఠ వేస్తున్నాడు అని. వాళ్లే తేలుస్తారు."

"వద్దండీ."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. పొట్టమీద కొట్టకండి. రెండు ఫిర్యాదులు పడితే పనిలోంచి తీసేస్తారు. ఇదివరకే ఒకటుంది."

"ఏమని?"

"వానలో ఎవరిదో పార్సిలు తడిసిందని. ఆకాశానికి చిల్లుపడితే అదీ వాడి తప్పేనట."

"వాడి సర్వీసు పుస్తకమంతా నీకు కంఠతా వచ్చే."

"మాటల్లో చెప్పాడు."

"ఇంకేం చెప్పాడు మాటల్లో?"

"ఏం లేదు. ఏవండీ, నా మాట వినండి. ఇంక తెప్పించను. మీరా ఫోన్ కింద పెట్టండి."

"తెప్పించవా?"

"తెప్పించను."

"ఒట్టు వెయ్యి."

"ఒట్లెందుకు? తెప్పించనన్నానుగా."

"వెయ్యలేవు. అంటే మళ్లీ తెప్పిస్తావు."

"తెప్పిస్తాను. ఆ, తెప్పిస్తాను. పదిహేను రోజులకి కాకపోతే నెలకొకటైనా తెప్పిస్తాను. నాలుగు గ్రాములే తెప్పిస్తాను, డెబ్బైయే కడతాను. నా కుట్టుపని డబ్బులే, మీవి కాదు."

"ఎందుకు?"

"తెప్పించకపోతే వాడు రాడు కనక."

"వాడంటే?"

"వాడంటే వాడే. మీరు ఇంట్లోంచి వెళ్లగొట్టినవాడు. మీ కొడుకు."

ఆయన కాటామీంచి చెయ్యి తీశాడు. ఆవిడ మాత్రం ఈనెలు తీయడం ఆపలేదు.

"ఈ గడప తొక్కద్దన్నాను."

"తొక్కలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ తొక్కలేదు. అవతలే నిలబడతాడు. మెట్లమీద కూర్చుని తింటాడు. గడపకి ఇటు నేను, అటు వాడు. కూర మారు వెయ్యాలంటే చెయ్యి చాపి వేస్తాను. మీ మాట అక్షరం పొల్లుపోకుండా నిలబెడుతున్నాడు, చాలా?"

"కన్నతల్లివి. రమ్మంటే ఊరికే రాడా? మధ్యలో ఈ పొట్లాలు దేనికి?"

"రమ్మన్నాను. నాన్న పిలవందే రానమ్మా అన్నాడు. మీ పోలికేగా, చచ్చినా వంగరు. పోనీ పనిమీద వస్తావా అన్నా. పనిమీదైతే ఎవరింటికైనా వెళ్లాల్సిందే కదమ్మా, ఈ వీధి నాకే వేశారు అన్నాడు. ఆ సాయంత్రమే మెంతి విత్తనాలు తెప్పించాను."

"విత్తనాలే ఎందుకు?"

"సబ్బులూ గిన్నెలూ అయితే గుమ్మంలో పడేసి పోవచ్చట. విత్తనాలు నెమ్ము తగిలితే పాడవుతాయని మనిషి చేతికే ఇవ్వాలట. చేతికిచ్చే వాటిల్లో అన్నిటికన్నా చవక అవే. నా తెలివికి అంతకంటే తట్టలేదు. అన్నీ కలిపి తెప్పించుకోండి మేడమ్, డెలివరీ కలిసొస్తుంది అంటుంది ఆ పిల్ల. కలిసొచ్చి నాకేం ఒరుగుతుంది? పదహారు పొట్లాలు ఒకేసారి వస్తే వాడు ఒకేసారి వస్తాడు. ఆ డెబ్బై నేను గింజలకి కట్టలేదండీ. బిడ్డని చూసుకోవడానికి కట్టాను."

"నన్నడిగితే..."

"ఏమడగాలి? ఆ రోజు అడిగాను కదా, కాళ్లమీద పడినంత పని చేశాను. కూరగాయల హోల్‌సేల్ వాడి కాటా మనవాడు యాభై గ్రాములు దొంగతూకానికి తిప్పాడు. తప్పే. నేను కాదన్నానా? పోలీసుకిచ్చేంత కోపం వచ్చింది మీకు. రెండేళ్లు పేరెత్తలేదు. ఎందుకు తిప్పావురా అని ఒక్కమాట మీరడిగారా?"

"నువ్వడిగావా?"

"అడిగాను. వాళ్ల ఐదు కొట్లకీ కాటాలు మన దగ్గరే కొంటానని ఆశ పెట్టాడట ఆ హోల్‌సేల్ వాడు. అంత పెద్ద బేరం తెస్తే నాన్న భుజం తడతాడనుకున్నానమ్మా అన్నాడు. ముప్పై ఏళ్ల మగాడు, మెట్లమీద కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. ఏమిటలా చూస్తారు? కోపం వస్తే అరవండి."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"వాడేనని తెలుసు. రసీదుల మీద తేదీ చేత్తో వేశాడు. ఏడు అంకెకి నడుమ్మీద అడ్డగీత. తూకాల పనిలో ఏడుని చూసి ఒకటనుకుంటే కొంప మునుగుతుందని, వాడి పదేళ్లప్పుడు నేనే నేర్పాను ఆ గీత. మూడు వారాలైంది చూసి."

"మూడు వారాలా? తెలిసీ నన్ను ఇంతసేపు బోనులో నిలబెట్టారా? పక్కింటావిడ, ఇస్త్రీ అతను, ఆ ఫోన్ అమ్మాయి, ఇంతమంది సాక్ష్యమా?"

"నీ నోటితో చెప్తావేమోనని చూశా. ఎనిమిది నెలలు నా దగ్గర దాచావు."

"దాచక? మీతో చెప్పుంటే ఆ అరగంట కూడా ఉండేదా నాకు?"

"చిక్కాడా?"

"ఎవరు?"

"ఎండల్లో తిరుగుడు కదా. అడిగా."

"చిక్కితే మీకెందుకు, లావెక్కితే మీకెందుకు? కావాలంటే మీ కాటామీద నిలబెట్టి తూచుకోండి. అది సరే, ఆ ఫోన్ మాటిమాటికీ తిప్పి చూస్తారేం? ఎవరి జవాబు కోసం?"

"ఊరికే, టైము చూసుకుంటున్నా."

"గోడమీద గడియారం ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదే పని. కంపెనీ నంబరు కూడా సంపాదించి పెట్టుకున్నారు. నిజం చెప్పండి. వాడేనని తెలిశాకే ఆ నంబరు సంపాదించారు కదూ?"

"అవును."

"వాళ్లతో మాట్లాడారా?"

"మొన్ననే మాట్లాడా."

"మాట్లాడేశారా? మరి ఇందాక చేస్తానన్నారు?"

"నువ్వేమంటావోనని అన్నా."

"అయిపోయింది. ఇంకేముంది. వాడి పనీ పోయింది, నా మంగళవారమూ పోయింది. కన్నకొడుకు మీద ఫిర్యాదు చెయ్యడానికి మీకు చేతులెలా వచ్చాయండీ? ముప్పై మూడేళ్లు మీరు చెప్పిందే వేదమని బతికాను. మీ తూకం ఎప్పుడూ తప్పలేదు, నిజమే, ఊరంతా మెచ్చుకుంటుంది. ఇంట్లో ఉన్నదాని గుండె మాత్రం ఒక్కనాడూ మీ లెక్కలోకి రాలేదు. ఇవాళ్టినుంచి మీ అన్నం మీరు వండుకోండి, మీ క్యారియర్ మీరే కట్టుకోండి, కూర ఎన్ని గ్రాములుందో చూసుకుని మరీ తినండి."

"తలుపు కొడుతున్నారు."

"కొట్టుకోనివ్వండి."

"ఎవరో పాపం మూడంతస్తులు ఎక్కొచ్చారు."

"ఎవరైతే నాకేం? నేనేం తెప్పించలేదు. మీరు ఇంట్లో ఉంటారని సెలవురోజు నేనెప్పుడూ తెప్పించను."

"నేను తెప్పించా. పాలకూర విత్తనాలు. సెలవురోజు తెచ్చివ్వాలంటే డెబ్బై కాదు, నూట నలభై అన్నారు. ఇవాళ ఈ వీధి డ్యూటీ వాడిదేనని కంపెనీ వాళ్లనడిగి తెలుసుకుని మరీ కట్టా. నువ్వు ఆ కళ్లు తుడుచుకుని ఇంకో కంచం పెట్టు. తలుపు నేను తీస్తా."