పేరంటాలు చెప్పిన దారి

నాంచారమ్మ బందరు బస్టాండులో దిగింది. దిగిందంటే మామూలుగా దిగడం కాదు, నలభై ఏళ్ళ పైచిలుకు తర్వాత దిగింది. మొగుడికి రైల్వేలో పనొస్తే ఖరగ్‌పూరు ఎళ్ళిపోయిన మనిషి, మళ్ళీ ఇటు మొహం చూపించలా. మొగుడు పోయాడు, కంటికి ఆపరేషనైంది, కొత్త కళ్ళజోడొచ్చింది. ఆ కళ్ళజోడు పెట్టుకోంగానే ఏమనిపించిందంటే, చూడాల్సిందింక ఒక్కటే మిగిలింది, మా పేరంటాలుని చూడాలి అనిపించిందంట. పేరంటాలెవరంటారా, చెప్తా ఆగండి. గుర్రబ్బళ్ళ సందులో ఈళ్ళిద్దరివీ గోడా గోడా కలిసిన ఇళ్ళు. ఒకళ్ళింట్లో తిరగమోత పెడితే రెండోళ్ళింట్లో తుమ్మేవాళ్ళనుకోండి, అంత స్నేహం. అట్టాంటిది, ఊరొదిలేటప్పుడు ఈ నాంచారమ్మ ఏం చేసిందంటే, సాయంత్రం బండికి ఎళ్తున్నామని చెప్పి పొద్దున బండికే ఎళ్ళిపోయింది. పేరంటాలేమో పులిహోర కలిపి మూట కట్టుకుని సాయంత్రం స్టేషనుకెళ్తే, అక్కడ కుక్క తప్ప ఎవరూ లేరు. ఆ మూట కుక్కకే పెట్టేసిందని కొందరంటారు, ఏడుస్తా కూర్చుని తనే తినేసిందని కొందరంటారు. ఏదైతేనేం, పులిహోర అరిగింది గానీ కోపం అరగలా.

సరే, నాంచారమ్మ ఆటో ఎక్కి గుర్రబ్బళ్ళ సందుకి పోనీ నాయనా అందంట. ఆ ఆటో అబ్బాయి గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులో తప్ప చూసినవాడు కాదాయె. ఆ పేరుతో సందేమీ లేదమ్మా అన్నాడు, అటు తిప్పి ఇటు తిప్పి ఒక సెంటర్లో దింపేశాడు. అక్కడ రోడ్డు వారన పునుగుల బండి ఒకటి. దాని ముందు బల్ల మీద అద్దకం పని మానేసిన ఖాసిం సాయిబు, కొలిమి మూసేసిన వీరాచారి, పొద్దున్నే వచ్చి కూర్చుంటారు, ఇద్దరికీ వేరే పనేం లేదు. ఈవిడ ఎళ్ళి గుర్రబ్బళ్ళ సందెటని అడిగేసరికి ఆ ఇద్దరి మొహాలూ ఎలిగిపోయినై. ఆ పేరెత్తిన మనిషి ఎన్నేళ్ళకి వచ్చిందో మరి. గుర్రాలు నీళ్ళు తాగే తొట్టుండేది చూడమ్మా, ఇప్పుడు ఏటీఎం ఉంది కదా, అక్కడే అన్నాడు సాయిబు. కాదు, తొట్టి ఉన్నచోట బిర్యానీ హోటలు కట్టారు, ఏటీఎం ఉన్నచోట జట్కా తోలేవాడి ఇంటరుగుండేది అన్నాడు చారి. ఇంకేముంది, ఇద్దరూ దెబ్బలాటకి దిగారు. ఈవిడ మధ్యలో, సందు సంగతి సరేగానీ బాబూ, పేరంటాలని ఒకావిడుండేది, ఉందా అని అడిగింది.

ఏమైందంటే, ఆ పునుగులు ఏస్తన్నదే పేరంటాలు. అప్పుడు బొద్దుగా ఉండేది, ఇప్పుడు చిక్కి పుల్లయింది, జుట్టు ముగ్గుబుట్ట. నాంచారమ్మ మాత్రం తక్కువ మారిందా. కానీ గొంతుందే, మాట చివర సాగదీసే ఆ గొంతు, అది మారలా. పేరంటాలు చెయ్యి అట్టాగే ఆగిపోయింది, మూకుట్లో వాయి నల్లగా మాడిపోయింది. ముసలాళ్ళిద్దరూ ఈమే కదా అని నోరు తెరవబోతే, జల్లిగరిటె ఎత్తి ఒక్క చూపు చూసింది. మూసేశారు. అప్పుడు పేరంటాలు గొంతు మార్చి, ఉంది, బందెలదొడ్డి కాడికి మారింది అని చెప్పింది. నేరుగా ఎళ్ళి అద్దాల మేడ దాటు, మంగలోళ్ళ బావి దగ్గర ఎడమకి తిరుగు, ఎదురుగా కనపడుద్ది బందెలదొడ్డి అంది. ఊళ్ళో తప్పిపోయిన గొడ్లని కట్టేసే చోటు అది, మీలో ఎవరన్నా చూశారా? చూసుండరు. ఆ మూడూ లేకుండా పోయి ఎన్నేళ్ళైందో.

నాంచారమ్మ నడుస్తంది. అప్పట్లో కిటికీలకి రంగుటద్దాలున్న మేడ ఊరంతటికీ ఒక్కటే. ఇప్పుడు అన్నీ అద్దాల మేడలే, ఏదని దాటుద్ది? బావి సంగతంటారా, దాన్ని పూడ్చి పైన రీఛార్జి కొట్టు పెట్టారు. ఈవిడ చుట్టూ చూసుకుని, కొట్లో కుర్రోడితో, నాయనా నువ్వు కూర్చున్నది బావి మీద అందంట. వాడు కుర్చీలోంచి ఎగిరి గెంతాడు. ఇంక బందెలదొడ్డి దగ్గరికెళ్తే, అది ఏసీ కల్యాణ మండపం అయి కూర్చుంది, లోపల పెళ్ళి. ఈవిడ గుమ్మంలో నిలబడి తొంగి చూస్తంటే, ఆడపిల్లలొచ్చి పన్నీరు చల్లి, ఇంత ఆలస్యమా పిన్నిగారూ అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారనుకున్నారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారనుకున్నారు. తీసుకెళ్ళి విస్తరి ముందు కూర్చోబెట్టారు.

ఇక్కడ బల్ల మీద ఖాసిం సాయిబు ఊరుకోడే. ఎండ మాడ్చేస్తంది పేరంటాలూ, ఆ కళ్ళజోడు చూస్తే కొత్తగా ఆపరేషనైన కన్నులాగుంది అంటాడు. తిరగనీ, నేను సాయంత్రమంతా స్టేషన్లో కూర్చోలేదా అంటది పేరంటాలు. అంటదే గానీ పునుగు పిండి చేతిలోంచి జారట్లా. కాసేపటికి పొయ్యి ఆర్పేసి, నూనె మరకల చీరతోనే బయల్దేరింది. పేరు పెట్టి పిలుద్దామంటే రోషం, పిలవకుండా ఎతుకుదామంటే జనం. రీఛార్జి కొట్టోణ్ణి అడిగితే, వాడు గుమ్మం బయటే నిలబడి, కింద బావి ఉందని బెదరగొట్టి అటెళ్ళిందమ్మా అన్నాడు. మండపం దాకా ఎళ్ళేసరికి మళ్ళీ పన్నీరు, మళ్ళీ పిన్నిగారూ, తీసుకెళ్ళి సరిగ్గా నాంచారమ్మ పక్కన ఖాళీలో కూర్చోబెట్టారు.

నాంచారమ్మ తల ఎత్తలా. పప్పు కలుపుకుంటా అంది, "బందెలదొడ్డి కాడ ఉంటానన్నావు. వచ్చావన్నమాట."

పేరంటాలు గిరుక్కున ఇటు తిరిగింది. "గుర్తుపట్టావుటే?"

"బండి దగ్గరే పట్టా. పునుగుల పిండిలో ఇంగువేసే మనిషివి నువ్వు కాక ఇంకెవరు."

"మరి ఇంత ఎండలో ఎందుకు తిరిగావే?"

"నువ్వు తిప్పినంతసేపూ తిరుగుదామనుకున్నా. ఆ రోజు నువ్వు స్టేషనుకొస్తే నేను బండెక్కలేను, పేరంటాలూ. ఎక్కకపోతే ఆయన ఉద్యోగం పోద్ది. అందుకే చెప్పకుండా ఎళ్ళా."

పేరంటాలు తన విస్తట్లో బూరె తీసి పక్క విస్తట్లో పెట్టింది. అంతే, ఇద్దరికీ కళ్ళెంట నీళ్ళు. పెళ్ళికూతురి తల్లి చూసి పరిగెత్తుకొచ్చి, ఏమ్మా కూరలో కారం ఎక్కువైందా అని అడిగింది. అవునమ్మా, కారమే అన్నారంట ఇద్దరూ.

తిరిగొచ్చేటప్పుడు పాత ఇళ్ళు ఎక్కడున్నయ్యో చూద్దామనుకున్నారు. రోడ్డు ఎడల్పు చేసినప్పుడు సందు సగం పోయింది, ఆనవాలే లేదు. ఇదిగో ఇది నా వంటిల్లు అని ఒకావిడ, కాదు అది నా వంటిల్లు అని ఇంకొకావిడ, నడిరోడ్డు మీద నిలబడి వాదన. ఆటోలు హారన్లు కొడతన్నై. తీర్పు చెప్పమని సాయిబునీ చారినీ పిలుచుకొచ్చారు, ఆళ్ళు ఇంకో రెండు చోట్లు చూపించారు. ఇంక రోజూ ఇదే పని.

నేనా సందులోనే పుట్టా, ఈళ్ళు కాపరాలు చేసేటప్పుడు పరికిణీలు కట్టుకుని తిరిగేదాన్ని. నాకు బాగా గుర్తు. ఆళ్ళు కొట్టుకుంటున్న చోట ఇళ్ళే లేవు, గడ్డివాములుండేవి. ఇళ్ళు ఇంకా ఇవతల, బ్యాంకు మెట్ల దగ్గర. చెప్పొచ్చు, ఎంతసేపు? కానీ ఇల్లెక్కడో తేలిందాకా నేను కదలనని నాంచారమ్మ ఒట్టేసుకుని కూర్చుంది. ఎండాకాలంలో వచ్చిందావిడ, చలి మొదలైంది. మీరు కూడా ఎవరూ చెప్పబాకండి.