దుబాసి ఎక్కించిన బస్సు

పరాయి దేశంలో ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక బస్‌స్టాపు. మధ్యాహ్నం మూడున్నర కావస్తోంది. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ మీద పెరిగిన ఇద్దరు స్నేహితులు ఇప్పుడు ఈ స్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. ఒకడు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు, ఈ ప్రయాణంలో మిగతా ఇద్దరికీ ఇక్కడి మాటలు తెలుగులో చెప్పే దుబాసి. రెండోవాడు బడిలో లెక్కలు చెప్పే మాస్టారు. వీళ్లతో వచ్చిన మూడోవాడు, ఫొటోకో చొక్కా మారుస్తాడని వీళ్లు పెళ్లికొడుకని పిలిచేవాడు, దూరంగా ఫౌంటెన్ అవతల వంతెన మీద ఉన్నాడు.

"టోపీ మర్చిపోయానని ఇంత దూరం వెనక్కి లాక్కొచ్చావు. టోపీ నీ నెత్తి మీదే ఉంది."

"తెలుసు."

"తెలిసే లాక్కొచ్చావా?"

"పెళ్లికొడుకు ముందు చెప్పలేక. ఒరే మాస్టారూ, ఇందాక ఇక్కడ ఒక పెద్దావిడని బస్సెక్కించాను కదా."

"పన్నెండో నంబరు. టైమెంతయిందని అడిగిందన్నావు."

"టైమడిగిన మనిషిని ఎవడైనా బస్సెక్కిస్తాడా?"

"నాకేం తెలుసు. దుబాసివి నువ్వు."

"ఆ మాట అనకురా."

"ఏ మాట?"

"దుబాసి అని."

"వచ్చిన రోజు నుంచీ అలాగే పిలుస్తున్నాం. పిలిచినప్పుడల్లా మీసం దువ్వుకున్నావే గానీ వద్దనలేదే."

"నాకు ఈ భాష రాదు."

"అందరికీ అన్ని మాటలూ రావాలనేముంది. కొంచెం అటూ ఇటుగా..."

"అటూ లేదు, ఇటూ లేదు. అసలు రాదు. నమస్కారం, నీళ్లు, బాగుంది. ఈ మూడు మాటలే. వాటినే తిప్పి తిప్పి అంటున్నాను."

"మీ ల్యాబులో ఈ దేశం డాక్టరుతో రెండేళ్లు పనిచేశానన్నావు."

"పనిచేశాను. ఆయన మాతో తెలుగే మాట్లాడేవాడు."

"అయితే పొద్దున మ్యూజియం అని తీసుకెళ్లి మున్సిపాలిటీ ఆఫీసులో టోకెన్లు తీయించింది..."

"ముందర స్తంభాలున్నాయి. మ్యూజియమే అయ్యుంటుందనుకున్నాను."

"అరగంట క్యూలో నిలబడ్డాం. మన పెళ్లికొడుకు స్టాంపులు కొట్టే గుమస్తా పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు. వేషం కట్టిన మనిషనుకున్నాడు పాపం."

"నవ్వకు."

"నవ్వక ఏం చెయ్యమంటావు? హోటల్లో ముగ్గురికీ మూడు గిన్నెల ఐసు ముక్కలు తెప్పించావు. అన్నానికి ముందు ఇది తినడం ఇక్కడి పద్ధతి అన్నావు. పళ్లు జివ్వుమంటుంటే కరకరా నమిలాం."

"అవన్నీ మన ముగ్గురి మధ్య నవ్వులాట. ఆవిడ మన మనిషి కాదు కదరా."

"ఇంతకీ రాని భాష వచ్చని ఎందుకు చెప్పావు?"

"ఎందుకంటే ఏం చెప్పను. వాడు అందగాడు. నువ్వు చదువుకున్నవాడివి. మన ముగ్గురిలో నాకంటూ ఒకటి ఉండాలనిపించింది. ఒకసారి నోరు జారాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను."

"సరేలే. చెప్పేశావు, బరువు దిగింది. పద, వాడు వంతెన మీద ఎండిపోతున్నాడు."

"బరువెక్కడ దిగింది? నా చేతిలో ఒక కాగితం పెట్టింది. చూశావా?"

"చూశాను."

"చదువుతున్నట్టు మొహం పెట్టాను. కనుబొమలు ముడిచాను, తల కూడా ఊపాను. మొహం పెట్టడంలో పడి కాగితం చూడనే లేదు. ఫౌంటెన్ దాకా వెళ్లాక అది కళ్ల ముందుకొచ్చింది. కుడి పక్క మూలన గీతల స్టిక్కరు. దాని పక్కన రక్తం గ్రూపు, 'ఓ' నెగటివ్. కింద ఇవాళ్టి తేదీ, నాలుగు గంటలు."

"పొరపాటు పడ్డావేమో."

"అంకెలు ఎక్కడైనా అంకెలేరా. అలాంటి కాగితాలు రోజుకి రెండొందలు చూస్తాను. అది ఆపరేషన్ చీటీ. ఈ దేశం మొత్తంలో నేను చదవగలిగిన కాగితం అదొక్కటే. అదే చదవలేదు."

"ఏ ఆసుపత్రో, అది ఎటుందో మనకేం తెలుసు?"

"పైన ఎర్రటి ఆకు బొమ్మ ఉంది. అదిగో, ఆ ఎత్తు బిల్డింగు మీద చూడు, అదే ఆకు. ఆసుపత్రి అటుంది. పన్నెండో నంబరు ఇటు చెరువు వైపు పోతుంది. సరిగ్గా ఎదురు దిక్కుకి పంపించాను. చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించాను."

"మధ్యలో ఎవరినో ఒకరిని అడిగి దిగిపోయి ఉంటుంది."

"దిగదు. నిశ్చింతగా కూర్చుని కిటికీలోంచి మనకి చెయ్యూపింది. మీరిద్దరూ కూడా ఊపారు."

"ఊపాం."

"ఒక్కటి మాత్రం నాకు అంతు చిక్కట్లేదు. ఈ స్టాపులో ఈ ఊరివాళ్లు పదిమంది ఉన్నారు. నెత్తిన టోపీ, మెడలో కెమెరా, నేను పరాయివాణ్నని పసిపిల్లలు కూడా చెప్తారు. వాళ్లందరినీ వదిలేసి నన్నే ఎందుకు అడిగింది? అడిగిందే అనుకో, అంత గట్టిగా ఎలా నమ్మింది?"

"ఎండ మొహం మీద కొడుతోంది. కాస్త అటు జరుగు."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. ఫోన్లో తర్జుమా చేసేది ఉందిగా, అప్పుడే తీసి చూడాల్సింది."

"తీస్తే నాకు రాదని మీకు తెలిసిపోదూ? మీ ఇద్దరి ముందు పరువు నిలబెట్టుకోవడానికి ఆ ముసలి ప్రాణాన్ని..."

"ఇంక ఆపు."

"ఎలా ఆపను? ఆపరేషన్ ఆవిడకే అయితే?"

"ఆవిడకి కాదు."

"నీకెలా తెలుసు?"

"అంటే... ఆపరేషన్ ఉన్న మనిషి ఒంటరిగా బస్సుల్లో తిరుగుతుందా? మొగుడికో ఎవరికో అయ్యుంటుంది. అదిగో, పెళ్లికొడుకు ఫోను."

"తియ్యకు. వాడితో ఏం చెప్తాం? ఇంకా టోపీ వెతుకుతున్నామనా?"

"సరే, తియ్యను."

"అటు చూడు, పన్నెండో నంబరు. తిరిగొచ్చింది. అదే బస్సురా, ముందు అద్దం మీద పగులు చూడు. డ్రైవరు కూడా ఆయనే, కిందికి దిగుతున్నాడు. ఇప్పుడు ఏమని అడగను? నమస్కారం, నీళ్లు, బాగుంది. పెద్దావిడ ఎక్కడ దిగిందని ఈ మూడు మాటలతో ఎలా అడగను?"

"నువ్వు కూర్చో."

"నువ్వెళ్లి ఏం చేస్తావు, చేతులూపుతావా?"

"కూర్చోమన్నానా."

మాస్టారు డ్రైవరు దగ్గరికెళ్లి మూడు నిమిషాల్లో తిరిగొచ్చాడు. వెళ్లినప్పుడు జేబుల్లో పెట్టుకున్న చేతులు వచ్చేటప్పుడూ జేబుల్లోనే ఉన్నాయి.

"చెరువు దగ్గర ఆఖరి స్టాపులో అందరూ దిగారట, ఆవిడ దిగలేదట. ఆసుపత్రి ఇంకా రాలేదేమని అడిగిందట. ఇది అటు పోదమ్మా అని చెప్పేసరికి సీట్లోనే ఏడ్చిందట. ఆయనే దింపి ముప్పయ్యో నంబరు ఎక్కించాడట. అది ఊరంతా చుట్టి వెళ్తుంది, నాలుగుంపావుకి గానీ ఆసుపత్రి చేరదట."

"నాలుగుంపావు. అయితే లోపలికి తీసుకెళ్లిపోతారు."

"ఇక్కణ్నుంచి అడ్డదారిన నడిస్తే ఇరవై నిమిషాలట. మనం ముందే చేరతాం. ఆవిడ దారిలో ఉంది, కాస్త ఆగండని వార్డులో చెబుదాం. లే, త్వరగా."

"వాళ్లు ఆగుతారా?"

"అడుగుదాం. కాళ్లు పట్టుకునైనా అడుగుదాం. లేవరా."

"ఉండు. ఇదంతా నీకెవరు చెప్పారు?"

"డ్రైవరు."

"ఏ భాషలో?"

"నడుస్తూ మాట్లాడుకుందాం."

"నడుస్తూనే ఉన్నాను. ఏ భాషలోరా?"

"ఆయన భాషలోనే. ఎనిమిది నెలలుగా నేర్చుకుంటున్నాను. బడి అయ్యాక రోజూ ఒక గంట."

"అయితే మ్యూజియం..."

"మున్సిపాలిటీ ఆఫీసని బోర్డు చూడగానే తెలుసు. హోటల్లో నువ్వు మెనూ మీద వేలు పెట్టి చూపించింది ఐసు అనీ తెలుసు. నీకు ఈ భాష రాదని విమానం ఎక్కకముందే తెలుసు. రోజంతా నీ వేషాలు చూసి, సాయంత్రం భోజనాల దగ్గర లేచి నిలబడి, ఇదే భాషలో నీకు సన్మానపత్రం చదువుదామనుకున్నాను. రాసి జేబులో పెట్టుకున్నాను కూడా. ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటామని."

"ఆవిడ ఏమందో నీకు అర్థమైందా?"

"అర్థమైంది. నాలుగింటికి మా ఆయనకి ఆపరేషను, మనిషి భయపడుతున్నాడు, తీసుకెళ్లేలోపు ఒక్కసారి కనబడాలి, ఏ బస్సు ఎక్కాలి అంది."

"అంతా విని, నేను ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డావా?"

"నోరు తెరిస్తే సాయంత్రం సరదా పాడైపోతుందని ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో బస్సు తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇందాకట్నుంచి నువ్వు కుమిలిపోతుంటే, పక్కన కూర్చుని చూస్తున్నాను. నాకన్నా నువ్వే నయం."

"నన్ను ఓదార్చకు. నువ్వు చేసింది నువ్వు చేశావు, అసలు తప్పు నాది. ఇంతమందిలో నమ్మకంగా నా దగ్గరికొచ్చిన మనిషిని..."

"నీ దగ్గరికి రాలేదురా. నువ్వు మ్యాపు చూస్తున్నప్పుడు, నేను స్టాపు బోర్డు గొణుక్కుంటూ చదువుతుంటే విని ముందు నన్నే అడిగింది. నువ్వేం చేస్తావో చూద్దామని నేనే నిన్ను చూపించాను. 'ఈ ఊరు అతనికి కొట్టిన పిండేనమ్మా, అతను ఏ బస్సు ఎక్కమంటే అది ఎక్కండి' అన్నాను. ఆవిడ భాషలో, ఒక్క తప్పు లేకుండా."