కొంగ కూర్చోదు

ఏంటమ్మాయ్, ఫోన్లోకి అంత దిగులుగా చూస్తున్నావ్? మన బాస్కెట్‌బాల్ టీం లెక్కేనా? ఐదు గెలిచాం, పంతొమ్మిది ఓడాం, ఈ మధ్యాహ్నం ఇంకోటుంది, దీంతో ఈ ఏటికి మన జిమ్ముకి తాళం. నువ్వట్లా గుడ్లప్పగించి చూస్తే అంకెలు మారతాయా? కాస్త అటు జరుగు, నా మోకాలు చాపుకోవాలి. ఆఁ, ఇప్పుడు బావుంది. ఇంకా ఇరవై నిమిషాలుందిలే, పిల్లలింకా ఒళ్లు వెచ్చజేసుకుంటున్నారు. అదిగో ఆ పొడుగాడు, నవంబర్లో వాణ్ణి చూసి ఊరు ఊరంతా ఎగిరింది, ఈసారి లీగు మనదే అని. మందుల షాపు కిటికీ నిండా మన టీం రంగని నీలం కాగితాలు అంటించారు. ఆ షాపువాడే నిన్న నన్ను పట్టుకుని, "ఇంకా వెళ్తున్నావా వెర్లిన్, నీకు ఇంట్లో పనేం లేదా?" అంటాడు. ఉంది. బోలెడుంది. అయినా వెళ్తాను, నీకేం నొప్పి అన్నా. నాకివేం కొత్త కాదు. నీకే పాపం, కాలేజీలో మొదటి ఏడు, అదీ ఇంత దిక్కుమాలిన సీజను.

ఆఁ? మీ తాతా? పదకొండు నిమిషాలు నిలబడే ఉన్నాడా? ఎవరు చెప్పారు, మీ అమ్మేనా? థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి కోసేముందు ఏటేటా చెబుతుందా... చెబుతుంది, చెబుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే, మంచి గొంతు మీ అమ్మది. నిజమేనా అంటావ్. ఉండు మరి. మీ తాత సంగతి అడిగితే ఒక్క ముక్కలో తేలేది కాదు.

లోవెల్ నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. పోస్ట్‌మాన్ కదా, ఊరవతల పొలాల్లో ప్రతి ఇంటి కుక్కకీ పేరుతో తెలుసు. నేను బాయిలర్లు బాగుచేసేవాణ్ణి. మేమిద్దరం ఈ కాలేజీ మెట్లు చదువుకోడానికి ఎక్కినవాళ్లం కాదు. నేను ఇక్కడి బాయిలర్ చెడిపోతే వచ్చేవాణ్ణి, ఆయన ఉత్తరాలు పడేయడానికి వచ్చేవాడు. ఓ రోజు బాయిలర్ గదిలో నేను మసి కొట్టుకుని ఉంటే తలుపు దగ్గర నించుని, "ఒరేయ్ అబ్బాయ్, శనివారం ఆటకొస్తావా, నా పక్క సీటు ఖాళీ" అన్నాడు. అంతే. అదిగో నువ్వు కూర్చున్నది ఆయన సీటు, ఇది నాది. ఇరవై రెండేళ్లు ఇట్లాగే కూర్చున్నాం. కూర్చున్నాం అంటే... అదే చెప్పబోతున్నా. మనవాళ్లు మొదటి బాస్కెట్ వేసేదాకా ఇక్కడ ఎవరూ కూర్చోకూడదు కదా. ఆ ఆచారం ఎవడు పెట్టాడో తెలీదు, మేం వచ్చేసరికే ఉంది. మామూలుగా అయితే ఓ నిమిషం, నిమిషంన్నర, ఎవడో ఒకడు వేస్తాడు, చప్పట్లు కొట్టి కూలబడతాం. కానీ మీ తాతకి అందులో కూడా రూల్సుండేవి. అందరూ ఫ్రీ త్రో పడ్డా కూర్చునేవాళ్లు. ఆయన ససేమిరా. "ఎవడూ అడ్డం రాకుండా, నింపాదిగా నిలబడి వేసింది బాస్కెట్ ఎట్లా అవుతుందిరా? అది గవర్నమెంటు ఇచ్చిన సెలవు లాంటిది" అనేవాడు. వెనకవాళ్లు, "లోవెల్, కూర్చో, మాకు కనపడట్లేదు" అని గోల. ఈయన వెనక్కి తిరిగి, "మన టీం పేరేంటి? కొంగలు. ఎక్కడైనా కొంగ కూర్చోడం చూశారా మీరు? కొంగ కూర్చోదు" అనేవాడు. ప్రతి ఆటకీ ఇదే మాట. చిన్నపిల్లలు కూడా ఆయన్ని చూస్తే ఒంటికాలి మీద నిలబడి చూపించేవాళ్లు. మీ అమ్మమ్మ అర్డిస్ సిగ్గుతో చచ్చిపోయేది, అందుకే ఆటలకి రావడం మానేసింది. "ఇంట్లో గంటసేపు చెబితే కుర్చీలోంచి లేవడు, అక్కడ కూర్చోడట" అనేది.

ముప్ఫై మూడేళ్ల కిందటి మాట, ఆ సీజను. ఇప్పటిది దాని కాలిగోటికి చాలదు. అంతకుముందు ఏడు ఫైనల్లో ఒక్క పాయింటుతో పోయింది మనకి. ఆడిన ఐదుగురూ మళ్లీ వచ్చారు. వాస్లర్ అని ఆరడుగుల పది అంగుళాల మనిషి, తలుపులోంచి వంగి రావాలి. ఇంకేముంది, అక్టోబర్లోనే అందరం గెలిచేశాం. నవంబర్లో రెండో ఆటలో వాస్లర్ మోకాలు విరిగింది. ఆ చప్పుడు ఇక్కడికి వినపడింది తెలుసా? అక్కడ్నుంచి ఓటమి మీద ఓటమి. ఇరవై పాయింట్లు, ముప్ఫై పాయింట్లు. జనం తగ్గిపోయారు. కొందరు తలకి కాగితం సంచీలు తొడుక్కుని వచ్చారు, కళ్ల దగ్గర చిల్లులు పెట్టుకుని, సిగ్గుపడుతున్నాం అని చెప్పడానికన్నమాట. నేనూ నవ్వాను, దాచేదేముంది. మీ తాత మాత్రం మూడు వరసలు దిగెళ్లి ఆ సంచీ వాడి భుజం తట్టి, "ముఖం దాచుకుంటే నువ్వొచ్చావని ఆ పిల్లలకి ఎట్లా తెలుస్తుందయ్యా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. వాడు సంచీ తీసేశాడు. చూస్తే మా పళ్ల డాక్టరు! ఆ తర్వాత ఏడాది పాటు నా పళ్లు ఊరికే చూశాడు, ఎవరికీ చెప్పొద్దని. సరే, అది వేరే కథ.

క్రిస్మస్‌కి ముందు మీ తాతకి గుండె పట్టేసింది. ఉత్తరాల బండి నడపొద్దు, మంచు ఎత్తిపొయ్యొద్దు, ఆవేశపడొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు. డాక్టరు జాబితా అది. మనిషి సగానికి సగం అయిపోయాడు. జనవరి, ఫిబ్రవరి ఆటలన్నీ ఇంట్లో రేడియోలో విన్నాడు. నేను ఒక్కణ్ణే ఇక్కడ, పక్కన ఖాళీ సీటు, ఎదురుగా ఓటమి. చివరి ఆటకి మాత్రం వెళ్తానని పట్టుబట్టాడు. ఆ వారం మీ అమ్మమ్మ నా షెడ్డుకి వచ్చింది. బూట్లనిండా మంచు, చేతికున్న ఊలు తొడుగులు కూడా తియ్యలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "కట్టేసినా ఆగడు వెర్లిన్. పోనీ వెళ్లనిస్తాను. కానీ నువ్వు కూర్చోబెట్టాలి. నీకు ఒక్క పని చెబుతున్నాను, ఒకే ఒక్కటి" అంది.   మాటిచ్చాను.

శనివారం, ఇదే టైము. పెద్ద కోటు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. మీదనుంచి కిందిదాకా తెలిసినవాళ్లందరూ "లోవెల్! లోవెల్!" అని. ఎంత మురిసిపోయాడో. బంతి ఎగరేశారు, అందరూ లేచారు. ఈయన కూడా లేవబోయాడు. నేను భుజం మీద చెయ్యేసి నొక్కాను. "వదలరా" అన్నాడు. అర్డిస్‌కి మాటిచ్చాను అన్నా. "నా పెళ్లాంతో నేను మాట్లాడుకుంటాలే, వదులు" అని మళ్లీ లేవబోయాడు. మళ్లీ నొక్కాను. ఇదిగో ఈ చేత్తోనే. అంత లావు కోటు లోపల ఎముకలు తెలిసాయి నాకు. బలం లేదమ్మా ఆ మనిషిలో. నేను గట్టిగా కూడా పట్టుకోలేదు, అయినా లేవలేకపోయాడు. నా మొహంలోకి చూసి, మెల్లిగా, "కొంగ కూర్చోదురా వెర్లిన్" అన్నాడు.  "కొంగకి ఒక్క కాలు చాలుగా. నాకు రెండున్నాయి. ఒకటి నీది, ఒకటి నాది. ఇద్దరి బదులూ నేను నిలబడతా, నువ్వు చూడు" అన్నాను. ఊరుకున్నాడు.

నేనేమనుకున్నాను, ఓ రెండు నిమిషాల పని అనుకున్నా. ఎక్కడ! వేసిన బంతి వేసినట్టు బయటికే. అవతలివాళ్లు పది, పన్నెండు, పద్నాలుగు. మనది సున్నా. ఆరో నిమిషంలో ఓ ఫ్రీ త్రో పడింది. జిమ్ము జిమ్మంతా అమ్మయ్య అని కూలబడింది. నేను కూర్చోలేదు. మీ తాత కింద నుంచి నన్ను చూస్తున్నాడు కదా, ఆయన రూలు నాకు తెలుసు కదా. ఎనిమిదో నిమిషంలో ఏమైందంటే, అవతలి టీం కుర్రాడు బంతి కోసం ఎగిరి, వాడి వేలే తగిలి మనం వెయ్యాల్సిన బాస్కెట్‌లో పడింది. మనకి రెండు పాయింట్లు! జనం నవ్వాలో ఏడవాలో తెలీక చప్పట్లు కొట్టారు. నేను వంగి అడిగాను, ఇది లెక్కకొస్తుందా అని. కాసేపు ఆలోచించాడు. సుప్రీంకోర్టు జడ్జీ కూడా అంత ఆలోచించడు. "రాదు" అన్నాడు. సరే, రాదు. వెనకనుంచి ఎవడో నా వీపు మీదకి పాప్‌కార్న్ విసిరాడు. పదకొండో నిమిషంలో, బెంచీ చివర్నుంచి వచ్చిన ఓ బక్క పిల్లాడు, పేరు కూడా గుర్తులేదు, మూలనుంచి వేశాడు. పడింది. నేను కూర్చుని పక్కకి తిరిగేసరికి మీ తాత టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు. నేనెప్పుడూ చూడలేదు ఆయన ఏడవగా. ఆ రోజు ముప్ఫై ఒక్క పాయింట్లతో ఓడాం. ఇద్దరం చివరిదాకా ఉన్నాం.

వాళ్లింటి ముందు నా పికప్ బండి ఆపాను. దిగకుండా అట్లాగే ఉండి, "నేను కూర్చున్నానని ఎవరితోనూ అనకురా" అన్నాడు. అనను అన్నా. అంతే. బుధవారం పొద్దున వంటింట్లో కాఫీ పోసుకుంటూ పోయాడు.

అవునమ్మా. అదీ సంగతి. నిలబడలేదు మీ తాత. నిలబడింది నేను. ఆగు, పూర్తిగా విను, ఆ తర్వాత నన్ను తిట్టుకుందువుగాని.

పూడ్చిపెట్టి వచ్చాక చర్చి కింద గదిలో భోజనాలు, బన్నులూ పందిమాంసమూ, బంగాళాదుంపల కూర. ఊరంతా అక్కడే. మా పళ్ల డాక్టరు లేచి, కళ్లనీళ్లు పెట్టుకుని, "వెర్లిన్, ఆ చివరి ఆట నేను రాలేకపోయాను. పదకొండు నిమిషాలు పట్టిందటగా. మన లోవెల్ నిలబడే ఉన్నాడా?" అని అందరి ముందూ అడిగాడు. నా వెనక కూర్చున్నవాళ్లు కొందరు చూసే ఉంటారు, ఎవరూ నోరు తెరవలేదు.  మీ అమ్మమ్మ కాఫీ జగ్గు పట్టుకుని ఆ చివర నించుంది. నన్నే చూస్తోంది. కూర్చున్నాడని చెబితే ఆమెకిచ్చిన మాట నిలిచినట్టు. నిలబడ్డాడని చెబితే ఆయనకిచ్చిన మాట.  "నిలబడ్డాడు, పదకొండు నిమిషాలూ" అన్నాను.

అబ్బో, ఏం చప్పట్లనుకున్నావ్! చర్చి అని కూడా చూడలేదు. జనం లేచి నిలబడ్డారు ఆయన కోసం. ఆ గోలలో మీ అమ్మమ్మ జగ్గు బల్ల మీద పెట్టి, మెల్లిగా నా దగ్గరికొచ్చి, "నీకు ఒక్క పని చెప్పాను వెర్లిన్" అంది. అదే ఆమె నాతో అన్న ఆఖరి మాట, ముప్ఫై రెండేళ్ల పాటు. కొట్లో నేనెదురైతే బండి తిప్పుకుని వేరే వరసలోకి పోయేది. నేనే చంపానని ఆమె లెక్క. నేనేం చెప్పుకోను? ఏటేటా టికెట్ కొంటూ ఈ సీటు మాత్రం వదల్లేదు చూశావా, తను రాలేదు, ఇంకొకర్ని కూర్చోనివ్వలేదు. చివరికి నీకిచ్చింది. నా పక్కనే అని తెలిసీ ఇచ్చింది, అది ఆలోచించావా? నేను ఈ ఏడంతా అదే ఆలోచిస్తున్నాను.

కిందటి వేసవిలో ఆమె బాగా లేదని విని వెళ్లాను, వృద్ధుల ఇంటికి. ఇప్పుడైనా చెప్పేద్దామని. మాట తీసుకున్నవాడు పోయి ముప్ఫై ఏళ్లు దాటింది, ఇంక నన్ను పట్టుకునేదెవరు? గుమ్మంలోనే ఆగిపోయాను. ఆమె నన్ను చూసి, "రా, కూర్చో" అంది. నేను నోరు తెరిచేలోపే ఆమే అందుకుంది. "ఎన్నేళ్లు నీ మీద కోపం పెట్టుకున్నానో వెర్లిన్. ఈ మంచంలో పడ్డాక తెలిసింది, లేచి నిలబడ్డం అంటే ఏంటో. పోనీలే, ఆయన నిలబడ్డాడు. నాకది చాలు" అంది. నా చెయ్యి పట్టుకుంది కూడా. అప్పుడేం చెప్పను తల్లీ? ఇంక ఆమె దగ్గర ఉన్నదే అది. నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. అక్టోబర్లో పోయింది.

ఎవరికి మంచి చేశానో, ఎవర్ని మోసం చేశానో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ భుజం మాత్రం గుర్తొస్తుంది. ఎట్లాగూ నాలుగు రోజుల్లో పోయేవాడు. లేవనిచ్చి ఉండాల్సింది. ఒక్క నిమిషమైనా. నువ్వట్లా ఏడవకు, నాకూ వస్తుంది. ఇదిగో, ఈ రుమాలు శుభ్రంగానే ఉంది. మీ అమ్మకి చెబుతావో మానతావో నీ ఇష్టం.

అదిగో, ఎగరేశారు బంతి. లే, లే. పట్టుకో నన్ను. హమ్మయ్య... ఈ మోకాళ్లు. వెయ్యరా పొడుగోడా! ప్చ్. ఇంకోటి, ఇంకోటి వెయ్యి... అబ్బే. అది కూడా పోయింది. ఎంతసేపైంది? మూడు నిమిషాలేనా? లేదులే, బానే ఉన్నాను. చెమటా? ఇక్కడ ఉక్కగా ఉంది, అందుకు.

ఏంటమ్మాయ్, భుజం మీద ఆ చెయ్యేంటి? ఏమన్నావ్? మళ్లీ చెప్పు, ఈ గోలలో వినపడలేదు. ఒకటి నీది, ఒకటి...

సరే. సరేలే, నొక్కకు, నేనే కూర్చుంటా. నువ్వు మాత్రం ఫ్రీ త్రోకి కూర్చోకు, తెలిసిందా? ఇంకొక మాట. రేపెవరైనా అడిగితే, ముసలాడు కూర్చున్నాడనే చెప్పు.