రెండో చంక

తెరలు దించిన స్కానింగ్ గది. మిషన్ ముందు స్కానింగ్ చేసే ఆవిడ, బల్ల మీద వీపున క్యాన్సరని తేలిన పుట్టుమచ్చ కోయించుకుని వచ్చిన ఆవిడ. ఉన్నది ఇద్దరే గాని, మూడో మనిషెవరో వింటున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

"జెల్ చల్లగా ఉంటుందమ్మా, ఉలిక్కిపడకండి. చెయ్యి తల మీద పెట్టుకోండి. ఆ, అలా."

"కుడి చంక అయిపోయిందన్నారుగా?"

"అయిపోయింది. ఇది ఎడమది."

"డాక్టరుగారు కుడి ఒక్కటే రాశారే."

"రాస్తారు లెండి. మచ్చ నడి వీపున ఉందిగా. అక్కణ్ణించి జబ్బు ఏ వైపు పాకుతుందో ఎవరు చెప్పగలరు? రెండూ చూస్తే పోలా."

"అందరికీ ఇలాగే చూస్తారా?"

"చూస్తాను."

"మొదట్నించీనా?"

"ఊపిరి బిగబట్టకండి."

"మొదట్నించీనా అని."

"రెండేళ్ళనించి. కదలకండమ్మా."

"రెండేళ్ళ కింద ఏమైంది?"

"ఏముంది, కొత్త మిషన్ వచ్చింది."

"ఈ మిషనా కొత్తది! నా మోకాళ్ళకంటే ఎక్కువ మూలుగుతోంది."

"నవ్వించకండి, బొమ్మ చెదిరిపోతుంది."

"మా తమ్ముడికీ నడి వీపునే మచ్చ. ఈ బల్ల మీదే పడుకున్నాడు."

"కాస్త అటు తిరగండి."

"అటు తిరిగితే మీ మొహం కనబడదుగా. ముప్పయ్యొక్కేళ్ళు వాడికి. సన్నగా..."

"గళ్ళ చొక్కా. బస్సు తప్పిపోతుందని జెల్ తుడుచుకోకుండానే తొడుక్కున్నాడు."

"గుర్తున్నాడన్నమాట."

"మర్చిపోతే కదా! కాగితం మీద ఎడమ అని ఉంది, ఎడమే చూశాను. ఏమీ లేదు, హాయిగా వెళ్ళు బాబూ అన్నాను. ఆర్నెల్లకి కుడి చంకలో కోడిగుడ్డంత బిళ్ళతో వచ్చాడు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. నన్నొక్క మాట అనలేదమ్మా. అన్నా బాగుండేది."

"వాడంతే."

"రెండో వైపు చూడ్డానికి అయిదు నిమిషాలు. అయిదంటే అయిదు."

"తెలుసు."

"తెలిసీ నా దగ్గరికే వచ్చారా? పక్క గదుల్లో ఇంకో ఇద్దరున్నారు. తిట్టడానికే వస్తే తిట్టండి, పడతాను."

"తిట్టడానికి కాదు. నాకు భయంగా ఉంది. బతకాలని ఉంది."

"మరి వాళ్ళ దగ్గరికి వెళ్ళకుండా..."

"వాళ్ళకి మా తమ్ముడు గుర్తుండడుగా."