డ్రమ్ముల పడవ ఎక్కినవాళ్లు

జ్వరంతో పోయిన పోలయ్య పెద్దకర్మ నాడు, వాకాడు దగ్గరి పల్లెలో అతని స్నేహితుడు పోలయ్య భార్యతో మాట్లాడుతున్నాడు.

“సైకిల్ చక్రంతో ఫ్యాన్ చేసినాడు. ప్లాస్టిక్ డ్రమ్ములతో పడవ కట్టినాడు. అది మునిగిన ప్రతిసారీ ఊరంతా నవ్వినాం. సాయంత్రం సంతాపసభలో ఆ కథలే చెప్తానమ్మా.”

“చెప్పన్నా. ఆ పడవ ఎక్కమని నిన్ను ఎన్నిసార్లు అడిగినాడు?”

“ప్రతిసారీ అడిగేవాడు.”

“ఎక్కినావా?”

“మునిగిపోతాదని తెలుసు కదమ్మా. ఒడ్డున నిలబడి వీడియో తీసేవాణ్ణి.”

“ఒక్కరూ తోడు రాలేదని, ఇంటికొచ్చి అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“నీకెందుకు చెప్తాడు, నవ్వేది నువ్వే కదా. చివరిసారి మీరెవరూ చూడ్డానికి కూడా రాలేదు. నేనే ఎక్కినా.”

“నీకు ఈత రాదు కదమ్మా.”

“రాదు. పడవ మునిగితే జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చినాడు. ఆ పూట మాత్రం కడుపునిండా తిన్నాడు.”