వాగు రాళ్లు

మరిచిపోయిన తాపీ కోసం వచ్చిన మేస్త్రీ, పెరట్లో తాను కట్టిన చలిమంట గుంట చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. పక్కనే ఉన్న ఇంటావిడను అడిగాడు.

“లోపలి వరసలో ఆ నున్నటి రాళ్లెక్కడివమ్మా?”

“మీరు పెట్టినవి గరుకుగా ఉన్నాయని నాన్నే మార్చారు. పొద్దున వాగులోంచి ఏరుకొచ్చారు.”

“నీళ్లలో నానిన రాళ్లమ్మా అవి. కాలితే లోపలి తడి ఆవిరై పేలతాయి. వెలిగించి ఎంతసేపైంది?”

“అరగంట.”

మేస్త్రీ మంట వైపు వేలు చూపించాడు.

“మంట అవతల కూర్చున్నది నాన్నగారేనా? వెనక్కి జరగమనండి.”

“ఆయనకు వినపడదు మేస్త్రీ గారూ. చేయి ఊపితే చూస్తారు.”

“ఊపండి మరి.”

గుంటలో రాయి ఒకటి చిటుక్కుమంది.

“ఊపుతూనే ఉన్నానండీ. మనం వస్తున్నామనుకుని, మంటకు దగ్గరగా మీక్కూడా కుర్చీ వేస్తున్నారు.”