వాన మింగిన గుంత

గొప్పల బాబాయి నోరు విప్పాడంటే టీకొట్టులో గ్లాసులన్నీ చల్లారిపోవాల్సిందే. ఆయన ఇంట్లోనే కింది గది అద్దెకు తీసుకుని బట్టలు కుట్టే టైలరమ్మ ఆ రోజు బల్ల చివర కూర్చుంది. ఆమె గది రోడ్డుకన్నా జానెడు పల్లం. వానొస్తే వీధి నీళ్లన్నీ తిన్నగా మిషను కిందకే చేరేవి. బాబాయి వాకిట్లో ఇంకుడు గుంత తవ్వించాక, పోయిన నెల జల్లుకి ఆ గది తడవలేదు. అది మాత్రం నిజం.

“పెద్ద గుంతేం కాదు, ఆరడుగులు. అడుగున కంకర, పైన ఇసుక,” అని వినయంగానే మొదలెట్టాడు. “మన వీధి నీళ్లన్నీ గటగటా తాగేసింది. అది చూసి పక్క వీధి నీళ్లు కూడా వచ్చి వరసలో నిలబడ్డాయి.”

“నీళ్లు వరసలో నిలబడ్డాయా?” అన్నాడు టీకొట్టాయన, పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా.

“నిలబడవూ మరి? ఊళ్లో ఎక్కడ మడుగు కట్టినా నా ఫోను మోగుతుంది, ఇటు రమ్మని నేను నొక్కుతా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరవతల ఎండిన బోర్లన్నీ మూతలు ఎగరేసుకుని నీళ్లు పైకి తన్నాయి. ట్యాంకర్ల వాళ్లు లబోదిబోమంటూ వచ్చి నా కాళ్ల మీద పడ్డారు. పార్కులో మోడు పొద్దున చిగురేసి సాయంత్రానికి కాయలు కాసింది. అంతటితో ఆగిందా? సముద్రం జానెడు తగ్గిపోయిందని ఓడల వాళ్లు గోల పెడితే, పాపం, కాస్త వెనక్కి వదిలా. ఇప్పుడు ఆ గుంతకి స్మార్టు మూత కూడా పెట్టించా. చినుకు వాసన తగిలితే చాలు, దానంతటదే తెరుచుకుంటుంది.”

టైలరమ్మ నోరు వెళ్లబెట్టి వింటోంది. సముద్రం సంగతి నమ్మలేదు గాని, వాకిట్లో కొత్తగా వెలిసిన పలకే ఆ మూతని నిన్న బాబాయి చెబితే నమ్మింది. నమ్మబట్టే ఆ పొద్దున మిషను కింద ఎత్తుకి పెట్టిన ఇటుకలు తీసేసింది, బడిపిల్లల యూనిఫారాల మూటలన్నీ నేలమీద సర్దింది. సోమవారానికి అవి ఇవ్వకపోతే బడివాళ్లు ఇక ఆమె గుమ్మం తొక్కరు.

పక్క బల్ల మీద టీ తాగుతున్న తాపీ మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు.

“మూతేంటి బాబాయిగారూ? మొన్న శనివారం కారు పెట్టుకోవడానికని నాచేత ఆ గుంత మీద కాంక్రీటు పోయించారుగా. నాలుగంగుళాల మందం. అది తెరుచుకోవాలంటే సమ్మెట కావాలి.”

టైలరమ్మ బాబాయి వైపు తిరిగింది. ఇన్నాళ్లూ ఈయన కోతలకి నవ్వుకుంది, తన బతుకు కూడా ఆ కోతల్లో ఒకటని ఇప్పుడే తెలిసింది. నెత్తిమీది రేకుల మీద చినుకులు టపటపా రాలాయి.

“అంటే... మూత లాంటిదేనమ్మా,” అని నసిగాడు బాబాయి.

అద్దె ఇల్లని ఏనాడూ గొంతెత్తని మనిషి లేచి నిలబడింది.

“మీరు ఇక్కడే కూర్చుని ఫోను నొక్కుతూ ఉండండి బాబాయిగారూ,” అంది. “మేస్త్రి అన్నయ్యా, సమ్మెట తీసుకుని రా.”